తీగ తెగినా మెషీన్ ఆగాలి

పాతబస్తీ గల్లీల్లో ఇంటి ముందుగదిలోనే చిన్న సీఎన్‌సీ రౌటర్ పెట్టుకుని ఎండీఎఫ్ జాలీలు, నేమ్‌ప్లేట్లు కోసేవారికి ఈ ఇబ్బంది ఎదురవుతూనే ఉంటుంది. పొద్దున్నే హోమింగ్ ఇస్తే మెషీన్ చివరిదాకా పోయి, ఆగకుండా ఫ్రేముకు గుద్దుకుని గరగరలాడుతుంది. మోటారు పోయిందని కంగారు పడతాం. చాలాసార్లు పోయింది వేలెడంత లిమిట్ స్విచ్చే.

కదిలే భాగం చివరికొచ్చి లీవర్‌ను నొక్కగానే కంట్రోలర్‌కు కబురివ్వడం దాని పని. ఎండీఎఫ్ పొడి పిండిలాంటిది, లోపలికి దూరి కాంటాక్టుల మధ్య పేరుకుంటుంది. లీవర్ కూడా వంగుతుంది. ఒక్కోసారి స్విచ్ బాగానే ఉండి, నిత్యం మడతపడే చోట వైరు లోలోపల తెగుతుంది. అందుకే కొత్తది కొనేముందు ప్లగ్గు పీకి, వైర్లు విడదీసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టండి. లీవర్ నొక్కి వదిలిన ప్రతిసారీ బీప్ మారాలి. వైరును కదుపుతూ కూడా చూడండి.

అసలు విషయం వైరింగ్‌లో ఉంది. స్విచ్‌కు కామన్, ఎన్ఓ, ఎన్‌సీ అని మూడు కాళ్లు. ఎన్ఓకు కలిపితే నొక్కినప్పుడే సర్క్యూట్ పూర్తవుతుంది. వైరు తెగితే కంట్రోలర్‌కు ఏమీ తెలియదు, మెషీన్ గుద్దుకుంటుంది. ఎన్‌సీకి కలిపితే నొక్కనంతసేపూ సర్క్యూట్ కలిసే ఉంటుంది, వైరు తెగిన క్షణమే నొక్కినట్టు లెక్క. జీఆర్‌బీఎల్ 1.1 కంట్రోలరైతే స్విచ్ సిగ్నల్‌ను తిరగేసి చదివే $5=1, హార్డ్ లిమిట్లను ఆన్ చేసే $21=1 పెట్టాలి. $5 అన్ని అక్షాలకూ ఒకేసారి వర్తిస్తుంది, కాబట్టి ఒక్క స్విచ్ మార్చి వదిలేయకండి, మూడు అక్షాలవీ ఎన్‌సీకే మార్చండి. ఒకే అక్షానికి రెండు చివర్లా స్విచ్‌లుంటే సిరీస్‌లో కలపండి.

స్విచ్ నొక్కకుండానే, లిమిట్ తగిలిందని చెప్పే అలారం 1 వస్తుంటే విద్యుత్ నాయిస్ పంపే స్పిండిల్ కేబుల్‌ను అనుమానించాలి. స్విచ్ వైర్లను దానికి దూరంగా, షీల్డు ఉన్న కేబుల్‌లో నడపాలి.

స్విచ్‌లు మూసీ దాటితే కోఠి గుజరాతీ గల్లీలోనే దొరుకుతాయి. పొడి ఎక్కువైన చోట ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్ మేలని నా అభిప్రాయం. అది లోహాన్ని తాకకుండానే గుర్తిస్తుంది, చెక్క పొడిని పట్టించుకోదు. అయితే 12 లేదా 24 వోల్టులతో నడిచే సెన్సర్ సిగ్నల్‌ను 5 వోల్టుల బోర్డుకు నేరుగా ఇవ్వకూడదు, మధ్యలో ఆప్టోకప్లర్ ఉండాలి.

కొత్తవి బిగించాక స్పిండిల్ ఆపి ఉంచి, ఒక చేయి ఎమర్జెన్సీ బటన్ మీద పెట్టుకుని హోమింగ్ ఇవ్వండి. మెషీన్ చివరికి చేరకముందే మరో చేత్తో స్విచ్ నొక్కి, అది ఆగుతోందో లేదో చూశాకే చెక్క బిగించండి.