పారాగడ్డి

ఫరంపేట యానాంలోని ఒక పేట. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా, అక్కడి నేల, నీరు గోదావరి డెల్టావే. గౌతమి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్న ప్రదేశం అది. పొలాల్లో మిగిలిన నీరూ, వాననీరూ ఇటువంటి పల్లాల మీదుగానే మురుగు కాలువల్లో సముద్రం వైపు పోవాలి.

కాలువలను మూసివేసే మొక్క అనగానే గుర్రపుడెక్క గుర్తుకు వస్తుంది. దాని ఊదారంగు పూలు దూరానికే కనబడతాయి. పారాగడ్డి అలా కాదు. పచ్చగా, అమాయకంగా గట్టు మీద మొదలై నీటిలోకి దిగుతుంది. దీని కాడలు 5 మీటర్ల దాకా పాకుతాయి. కణుపుల మీద నూగు ఉంటుంది. నేలకు తాకిన ప్రతి కణుపు నుంచీ వేళ్లు పుడతాయి. దీనికి గట్టి విత్తనాలు తక్కువే. కాని కణుపున్న ముక్క ఒకటి తెగి కొట్టుకుపోతే చాలు, ఆగినచోట కొత్త దుబ్బు లేస్తుంది.

దీని పుట్టిల్లు ఆఫ్రికా. పేరు మాత్రం బ్రెజిల్‌లోని పారా రాష్ట్రానిది. బానిసలను తరలించిన ఓడల్లో పరుపుగా పరచిన గడ్డితో అక్కడికి చేరిందంటారు. తరువాత పశువుల మేత కోసం అనేక ఉష్ణదేశాలవారు కోరి తెచ్చి నాటుకున్నారు. మనదేశంలోనూ అంతే. మరే మేతా పెరగని ముంపు నేలలో కూడా ఇది పెరుగుతుంది. నెల, నెలన్నరకొక కోత ఇస్తుంది. పాడిరైతుకు ఇది చిన్న మేలు కాదు.

మరి కలుపు ఎప్పుడయింది? మేసే నోరు, కోసే కొడవలి తగ్గినప్పుడు. ఆస్ట్రేలియాలోని కకడు జాతీయ వనంలో ఇది స్పష్టంగా కనబడింది. పశువ్యాధుల నివారణకు 1980 దశకంలో అక్కడి అడవిపాలైన గేదెలను తొలగించారు. ఆ తరువాత పారాగడ్డి వేగంగా విస్తరించి, నీటిపక్షులకు ఆహారమైన అడవి వరిని అణచివేసింది.

డెల్టాలో ప్రమాదం మరో విధంగా ఉంటుంది. గడ్డి దట్టమైతే నీటి వేగం తగ్గుతుంది. ఒండ్రు నిలిచి కాలువ పూడుతుంది. ఆ పూడిక మీద మళ్లీ గడ్డే లేస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వరి కోతకు వచ్చే వేళ తుపాను వాన కురిస్తే ఆ నీరు చేలలోనే నిలిచిపోతుంది. రెండు మూడు రోజులు నిలిస్తే పడిన వెన్నులు మొలకెత్తుతాయి.

అందుకే కాలువ బాగుచేసేటప్పుడు గడ్డిని వేళ్లతో సహా పెకలించి, గట్టుకు దూరంగా చేర్చి ఎండబెట్టాలి. లేదా మోపులు కట్టి పశువులకు వేయాలి. కోసి నీటిలో వదిలిన ముక్కలు దిగువన ఏ తూము దగ్గరో, వంతెన కిందో ఆగి కొద్దిరోజుల్లో మళ్లీ చిగురిస్తాయి.