నాగెల్-ష్రెకెన్‌బెర్గ్ నమూనా

నాగెల్-ష్రెకెన్‌బెర్గ్ నమూనా అనేది రహదారిపై వాహనాల రాకపోకలను కంప్యూటరులో అనుకరించే ఒక గణిత నమూనా. దీనిని 1992లో జర్మనీలో కై నాగెల్, మైఖేల్ ష్రెకెన్‌బెర్గ్ ప్రతిపాదించారు. ప్రమాదము గానీ, అడ్డంకి గానీ లేకుండానే ట్రాఫిక్ జామ్ ఎలా ఏర్పడుతుందో ఇది వివరిస్తుంది.

నియమాలు

రహదారిని 7.5 మీటర్ల గడులుగా విభజిస్తారు. ఒక గడిలో ఒక వాహనమే ఉంటుంది. సెకనులో దాటే గడుల సంఖ్యే వేగము. ఇది 0 నుండి 5 వరకు ఉంటుంది. ప్రతి సెకనుకు ఈ క్రింది నియమాలు వర్తిస్తాయి.

1. గరిష్ఠ వేగము కంటే తక్కువగా ఉన్న వాహనము వేగము 1 పెరుగుతుంది.
2. ముందున్న ఖాళీ గడుల కంటే వేగము ఎక్కువైనచో, ఆ గడుల సంఖ్యకు తగ్గుతుంది.
3. కొంత సంభావ్యతతో వేగము మరో 1 తగ్గుతుంది.
4. వాహనము తన వేగానికి సమానమైన గడులు ముందుకు జరుగుతుంది.

మూడవ నియమము డ్రైవరు ఏమరుపాటుకు ప్రతిరూపము. ఒకరు కొద్దిగా వేగము తగ్గించినా, వెనుకవారు వరుసగా తగ్గించగా చివరకు కొందరు పూర్తిగా ఆగవలసివస్తుంది.

ప్రయోగము

ఇటువంటి జామ్‌ను జపాను శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా చూపి, ఫలితాలను 2008లో ప్రచురించారు. 230 మీటర్ల వృత్తాకార మార్గములో 22 కార్లు నడుపగా, ఏ అడ్డంకీ లేకుండానే జామ్ ఏర్పడి అలవలె వెనుకకు కదిలింది.

వాహనాల మధ్య సమాచారము

ముందు వాహనము ఆగుతున్న సంగతి రేడియో సందేశము ద్వారా ముందుగా తెలిస్తే ఈ అలను తగ్గించవచ్చును. అయితే సందేశము అందుకున్న వాహనము వేగము మార్చుకుంటుంది. దానితో వాహనాల మధ్య దూరాలు మారి, తరువాతి సందేశము ఎవరికి అందుతుందో కూడా మారుతుంది. అందుచేత వాహనాల కదలికను అనుకరించే 'సుమో', సందేశాలను అనుకరించే 'ఓమ్నెట్ ప్లస్ ప్లస్' అను సాఫ్ట్‌వేర్లను 'వీన్స్' ద్వారా జతచేసి ఏకకాలంలో నడుపుతారు.