ఈ-రీడర్ చార్జ్ ఎక్కట్లేదా? పడేసే ముందు ఇవి చూడండి

మొన్న ఎండాకాలంలో మా ఊరు కొల్లాపూర్ పోయిన. మా చిన్నమ్మ బిడ్డ గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నది. "అన్నా, ఇది సచ్చిపోయింది. నోట్స్ మొత్తం ఇందులోనే ఉన్నయ్" అని ఈ-రీడర్ చేతిలో పెట్టింది. స్క్రీన్ మీద పాలిటీ పేజీ అట్లనే ఉంది, బటన్ నొక్కితే కదలదు. రిపేర్ షాపులో బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో అన్నరంట.

ఇక్కడే చాలామంది మోసపోతరు. ఫోన్‌లో బ్యాటరీ అయిపోతే స్క్రీన్ నల్లగా అయితది. ఈ-ఇంక్ అట్ల కాదు. పేజీ మార్చడానికే కరెంట్ కావాలి, మారినాక ఆ బొమ్మ కరెంట్ లేకున్నా అట్లనే ఉంటది. అంటే పేజీ కనిపిస్తుంది కాబట్టి బ్యాటరీ ఉంది అనుకోవద్దు. అది హ్యాంగ్ కాకపోవచ్చు, ఉత్త ఖాళీ కావచ్చు.

"దేనితో చార్జ్ పెట్టినవ్?" అన్న. కరెంట్ పోతుందని పవర్ బ్యాంక్‌తో పెట్టిందట. అసలు సంగతి అదే! పూర్తిగా ఖాళీ అయిన లిథియం బ్యాటరీ మొదట్లో చాలా తక్కువ కరెంట్ తీసుకుంటది. అంత తక్కువ పోతుంటే చాలా పవర్ బ్యాంకులు "ఏదీ పెట్టలేదు" అనుకుని వాటంతటవే ఆగిపోతాయి. రాత్రంతా పెట్టినా లాభం లేదు.

సరే, మీరు ఈ వరుసలో చేయండి.

ఒకటి, కేబుల్ మార్చండి. కిండిల్ పేపర్‌వైట్‌కు టైప్-సీ వచ్చిందే 2021లో. అంతకు ముందువి మైక్రో యూఎస్‌బీ. అంటే మీ ఇంట్లో ఉన్న ఆ కేబుల్ ఏండ్ల నాటిది, మెడ దగ్గర విరిగి ఉండొచ్చు.

రెండు, పోర్ట్‌లో టార్చ్ కొట్టి చూడండి. దుమ్ము, దూది ఉంటే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం పెట్టొద్దు.

మూడు, మామూలు 5 వోల్టుల అడాప్టర్‌తో గోడ ప్లగ్‌కు పెట్టి కనీసం గంట వదిలేయండి. అయిదు నిమిషాలకే లైట్ రాలేదని పీకేయొద్దు. చల్లటి చోట పెట్టండి. మే నెలలో రేకుల గదిలో వద్దు, 45 డిగ్రీలు దాటిన బ్యాటరీకి చార్జింగ్ మంచిది కాదు.

నాలుగు, కిండిల్ అయితే చార్జింగ్‌లో ఉంచే పవర్ బటన్ 40 సెకన్లు నొక్కి పట్టండి. ఇది రీస్టార్ట్ మాత్రమే, పుస్తకాలు పోవు. ఫ్యాక్టరీ రీసెట్ వేరే, అది చేస్తే అన్నీ పోతాయి.

ఒక్క జాగ్రత్త. వెనక భాగం ఉబ్బినా, స్క్రీన్ పైకి లేచినా వెంటనే ప్లగ్ తీసేయండి. అది ఇంట్లో చేసే పని కాదు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి.

మా చెల్లె దాంట్లో ముప్పావు గంటకు బ్యాటరీ గుర్తు వచ్చింది. తన ముఖం చూడాలి అప్పుడు! నేను చేసిన మొదటి పని, ఆ నోట్స్ మొత్తం ఫోన్‌లోకి ఇంకో కాపీ తీయడం. మీరు కూడా డివైస్ మంచిగ ఉన్నప్పుడే ఆ పని చేసి పెట్టుకోండి.

మీది ఏ స్టెప్ దగ్గర ఆగిందో కామెంట్‌లో రాయండి.