తెరమీద కబురు: వేమగల్ తెలుగు విద్యార్థులకు ఒక ఉపాయం

కోలారు జిల్లాలోని వేమగల్ వంటి ఊళ్ళలో అనేక కుటుంబాలకు ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడం. అందువల్ల తెలుగు చక్కగా మాట్లాడే విద్యార్థికి సైతం తెలుగు లిపి కంటబడే సందర్భాలు తక్కువ. కంటబడని లిపి మరపున పడుతుంది. కంప్యూటరు తెరమీద రోజుకు నాలుగుసార్లయినా ఒక తెలుగు వాక్యం ప్రత్యక్షమయ్యే ఉపాయాన్ని ఇక్కడ వివరిస్తాము.

ముందు మాట సంగతి. 'నోటిఫికేషన్' అనేదానికి మన ఇళ్ళలో పేరు లేకపోలేదు. తెలుగు 'చాటు', కన్నడ 'సారు' సజాతీయ పదాలు. తెలుగులో చాటింపు వేస్తారు, కన్నడంలో డంగుర సారుతారు. పదాది చకారానికి కన్నడంలో సకారం రావడం 'చావు–సావు', 'చాలు–సాలు' జంటల్లోనూ చూడవచ్చు. అయితే ఊరందరికీ వినిపించేది చాటింపు, ఒకరికి అందేది కబురు.

ఈ భేదం యూనిక్స్ కంప్యూటర్లలోనూ ఉంది. 'వాల్' అనే ఆదేశం లాగిన్ అయి ఉన్న వారందరి టెర్మినళ్ళ మీదా సందేశం చూపుతుంది. అది చాటింపు. 1980 నాటి బర్క్‌లీ యూనిక్స్‌లో వచ్చిన 'బిఫ్', ఉత్తరం రాగానే దాని గ్రహీతకు మాత్రమే తెలియజేసేది. అది కబురు. బిఫ్ అన్నది అక్కడివారికి పరిచయమైన ఒక పెంపుడు కుక్క పేరు.

నేటి లైనక్స్ తెరలమీద ఈ పని చేసేది 'నోటిఫై-సెండ్'. ఇది లేకపోతే లిబ్‌నోటిఫై ఉపకరణాలను స్థాపించుకోవాలి. ఆదేశాన్ని రోమన్ చిన్నక్షరాలతోను, కొటేషన్ గుర్తుల మధ్య మాటలను తెలుగులోను టైపు చేయాలి:

నోటిఫై-సెండ్ "కబురు" "మల్బరీ ఆకు కోసే వేళయింది"

మొదటిది శీర్షిక, రెండవది విషయం. ఆదేశం ఈ రెంటినీ డీ-బస్ అనే సందేశవాహినికి అప్పగిస్తుంది. డెస్క్‌టాప్ వాటిని అందుకొని తెర అంచున చూపుతుంది. దీనికి ముందు 'స్లీప్ 1800;' అని చేర్చితే అర్ధగంట తరువాత కబురు వస్తుంది. అంతవరకు ఆ టెర్మినలును మూయరాదు. '-యు' అనే గుర్తు తరువాత 'లో', 'నార్మల్', 'క్రిటికల్' అని అవసరపు మెట్టును తెలుపవచ్చు. క్రిటికల్ కబురు సాధారణంగా మనం తొలగించేవరకు తెరమీదనే ఉంటుంది. అక్షరాలకు బదులు గళ్ళు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదన్నమాట. నోటో సాన్స్ తెలుగు గాని, లోహిత్ తెలుగు గాని చేర్చుకోవాలి.

ఇంట్లో పెద్దలకు కన్నడ లిపి మాత్రమే వస్తే ఏమి చేయాలి? యూనికోడ్‌లో తెలుగు, కన్నడ లిపులు పక్కపక్కనే ఉన్నాయి. భారతీయ లిపుల ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించినందువల్ల రెండింటిలోనూ ఒకే ధ్వనికి ఒకే స్థానం. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. ప్రతి తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే అదే తెలుగు వాక్యం కన్నడ లిపిలో వస్తుంది. పైథాన్ తెలిసినవారికి ఇది రెండు మూడు పంక్తుల పని. ఖాళీలను, విరామచిహ్నాలను మాత్రం మార్చకూడదు.

ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి. దంత్య చ, జలకు తెలుగులో ౘ, ౙ అనే ప్రత్యేక సంకేతాలున్నాయి. వాటికి 128 కలిపితే వచ్చే స్థానాల్లో కన్నడ అక్షరాలు లేవు. అక్కడ మామూలు చ, జలను వాడుకోవాలి. చాప, జడ అనేటప్పుడు పలికే దంత్యధ్వనిని చదివేవారు తమ చెవితోనే పూరించుకోవాలి.

లిపి మారినంత మాత్రాన భాష మారదు. కైవారం నారాయణ తాత తెలుగు, కన్నడాలు రెండింటిలోనూ రచనలు చేశారు. ఆ కైవారం 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేవరకు కోలారు జిల్లాలోనిదే. రెండు భాషల నడుమ బతకడం ఈ నేలకు కొత్త కాదు. కనుక విద్యార్థులు తెరమీది కబుర్లను పుస్తకభాషలో కాక ఇంట్లో అమ్మమ్మ పలికే మాటల్లోనే రాసుకోవాలని మా సూచన. ఒక ఏడాది కబుర్లను తేదీలతో దాచుకుంటే అదే వేమగల్ తెలుగుకు చిన్న పదకోశమవుతుంది.