పసుపులోని రంగును ఎలా వేరుచేస్తారు?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో విరివిగా పండే పసుపుకు ఆ వన్నెనిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం నీటిలో దాదాపు కరగదు. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకుంటాయి కాబట్టి, ఎక్కువ భాగం కర్బన, హైడ్రోజన్ పరమాణువులతో ఏర్పడిన కుర్కుమిన్ అణువులకు వాటి మధ్య చోటు దొరకదు. ఎసిటోన్, ఇథైల్ ఆల్కహాల్ వంటి ద్రావణులు, అంటే ఇతర పదార్థాలను కరిగించుకునే ద్రవాలు, వాటిని సులువుగా చేరదీస్తాయి. సిరిసిల్ల నూలు బట్టపై పడిన పసుపు మరక నీటికి లొంగక ఆల్కహాల్‌కు కొంతైనా లొంగడానికి ఇదే కారణం.

ప్రయోగశాలలో ఎండు పసుపు పొడిని ద్రావణిలో నానబెట్టి, వడపోసి, ద్రావణిని ఆవిరి చేస్తే నూనెలు, రెసిన్లు కలిసిన చిక్కని ముద్ద మిగులుతుంది. ఈ ద్రావణులు ఇట్టే అంటుకుంటాయి కనుక నేరుగా మంట పెట్టకుండా వేడినీటి తొట్టెనే వాడాలి. అసలైన నేర్పు ఆ తర్వాతి శుద్ధిలో, అంటే పునఃస్ఫటికీకరణంలో, కనిపిస్తుంది: కుర్కుమిన్ వేడి ఆల్కహాల్‌లో ఎక్కువగా, చల్లని ఆల్కహాల్‌లో తక్కువగా కరుగుతుంది గనుక, ద్రావణం మెల్లగా చల్లారేకొద్దీ ఒకే తీరు అణువులు వరుసగా పేరుకొని స్ఫటికాలవుతాయి, ఆ వరుసలో ఇమడని మలినాలు చాలావరకు ద్రవంలోనే ఉండిపోతాయి. వోగెల్, పెల్టియే అనే శాస్త్రవేత్తలు ఈ రంగును 1815లోనే వేరుచేసినా, దాని అణునిర్మాణం 1910లో గానీ తేలలేదు.