కుందేలు బరువు: జాతి ఎంత, చోటు ఎంత

పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలం ఐరోపా అడవి కుందేలే. అది రెండు కిలోల లోపు జంతువు. మనుషులు ఏరి జత కట్టించగా దాని సంతతిలోనే కిలో తూగే నెదర్లాండ్ డ్వార్ఫ్, ఆరేడు కిలోల ఫ్లెమిష్ జెయింట్ తయారయ్యాయి. మన దేశంలో మాంసానికి పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా నాలుగైదు కిలోల జాతులు. తూర్పు కనుమల పొదల్లో తిరిగే చెవులపిల్లిది వేరే ప్రజాతి. దానికి 48 క్రోమోజోములుంటే పెంపుడు కుందేలుకు 44. రెంటికీ సంకరం కుదరదు. చెవులపిల్లిని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

భారీతనం ఏ ఒక్క జన్యువు వల్లా రాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం చేయి వేస్తాయి. మరుగుజ్జుతనం అలా కాదు. హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువులో కొంత భాగం లోపించడమే దానికి ముఖ్య కారణం. ఆ లోపం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే పిల్ల చిన్నదవుతుంది, ఇద్దరి నుంచీ వస్తే పుట్టిన కొద్ది రోజులకే చనిపోతుంది.

అయితే జాతి చెప్పేది గరిష్ఠ బరువు మాత్రమే. అంతవరకు పెరగనివ్వని మొదటి శత్రువు ఎండ. కుందేలుకు చెమట దాదాపు పట్టదు; ఒంటి వేడిని చెవుల గుండా, వేగంగా ఊపిరి తీస్తూ వదులుకోవాలి. అరుగుదల కూడా వేడి పుట్టిస్తుంది కాబట్టి 30 డిగ్రీలు దాటితే మేత తగ్గించేస్తుంది. బరువుతో పోలిస్తే ఒంటి ఉపరితలం తక్కువ కావడంతో పెద్ద జాతులకు ఈ బాధ ఎక్కువ. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాది కేంద్రంలో వైట్ జెయింట్ అనే పెద్ద జాతి కుందేళ్లు పెరుగుతున్నది కొడైకెనాల్ దగ్గరి చల్లటి మన్నవనూరు కొండల మీద. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులోనూ మే మధ్యాహ్నాలు వేడిగానే ఉంటాయి గానీ రాత్రి చల్లబడుతుంది. కుందేలు ఎక్కువగా మేసేది సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కనుక పగటి లోటు చాలావరకు తీరుతుంది. ఉక్కపోత రాత్రుల విశాఖ తీరంలో ఆ వీలు లేదు.

చలికాలం లెక్క వేరు. అరకు, చింతపల్లి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. పిల్ల బొచ్చు లేకుండా, కళ్లు తెరవకుండా, యాభై గ్రాముల బరువుతో పుడుతుంది. గూట్లో వెచ్చటి పరుపు లేకపోతే తాగిన పాలు ఒళ్లు కాచుకోవడానికే ఖర్చవుతాయి. తల్లి పాలిచ్చేది సాధారణంగా రోజుకు ఒకసారి, అదీ కొద్ది నిమిషాలే. ఒకే ఈతలో పది పిల్లలు పుడితే ఒక్కోదాని వాటా చిక్కిపోతుంది. అందుకే పాలు మాన్పించేనాటి బరువును బట్టి జాతిని అంచనా వేయకూడదు. అప్పటికి కనిపించేది చాలావరకు తల్లి పాల ఫలితం.

తర్వాతిదంతా మేత. ఉత్త పచ్చగడ్డితో పెద్ద జాతి కూడా చిన్నదిగానే మిగులుతుంది. ఎదిగే పిల్లకు దాణాలో సుమారు 16 శాతం మాంసకృత్తులు కావాలి. కొండల్లో పండే వలిసెల నూనె తీయగా మిగిలిన చెక్క ఇందుకు పనికొస్తుంది. సుబాబుల్ ఆకు బలమైనదే, కానీ అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల కొద్దిగానే వేయాలి. వానాకాలం గూటి నేల తడిస్తే కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి సోకి, తిన్నది ఒంటపట్టక పిల్లల ఎదుగుదల ఆగిపోతుంది. నేలకు ఎత్తున, పెంటికలు కిందికి రాలిపోయే వెదురు తడికల గూడు ఈ ముప్పును తగ్గిస్తుంది.