పటం కట్టడమే కాదు.. గోడకెక్కించడమూ పనే!

బళేపేట (బెంగళూరు): ‘అన్నా, ఫ్రేము బాగా కుదిరింది. అట్లే ఇంటికొచ్చి తగిలించి పోతే పుణ్యముంటుంది’. పటాలు కట్టే దుకాణంలో తరచూ వినిపించే మాట ఇది. పాత గిరాకీని కాదనలేక దుకాణదారుడు కుర్రాడి చేతికి సుత్తి, నాలుగు మేకులిచ్చి పంపుతాడు. ఈ నగరం ట్రాఫిక్‌లో వాడు పోయి వచ్చేసరికి సగం పూట గడిచిపోతుంది. బిల్లులో మాత్రం ఆ పనికి పైసా ఉండదు. రేపు ఆ పటం జారి పడిందా.. గ్లాసు పోయె, బొమ్మ పోయె, గిరాకీ కూడా పోయె! మంచం తలాపున తగిలించిన పటమైతే మనిషి ప్రాణానికే ముప్పు.

మొహమాటానికి చేసిపెట్టే ఈ పనినే పద్ధతిగా నేర్చుకుని, బిల్లు రాసి చేస్తే ఎలా ఉంటుంది? రెడీమేడ్ ఫ్రేముల దెబ్బకు నలుగుతున్న చిన్న దుకాణాలకు ఇదొక దారి. కాకపోతే సుత్తి ఉంటే చాలదు, లెక్క తెలియాలి.

గాజుల పేటలో..

కన్నడంలో బళె అంటే గాజు. 1537లో కెంపేగౌడ పునాది వేసిన పాత బెంగళూరు పేటల్లో బళేపేట ఒకటి. సంగీత వాయిద్యాల అంగళ్లకూ పేరున్న వీధి. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి పెళ్లి చీరలకు పక్కనే ఉన్న చిక్‌పేటకు వచ్చేవాళ్లకు ఈ సందులు కొత్త కాదు. 2017లో చిక్‌పేటకు మెట్రో వచ్చాక దారి ఇంకా సులువైంది.

పటం కట్టించే అలవాటు మన ఇళ్లకు దేవుళ్లతోనే వచ్చింది. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టాక దేవుడి బొమ్మలు ఇంటింటికీ చేరాయి. ఆ తర్వాత పెద్దల ఫొటోలు, పెళ్లి ఫొటోలు. ఇప్పుడు ఫొటోలు ఫోన్‌లోనే ఉండిపోతున్నాయి. కావాలన్న కొలతలో ఫ్రేము ఆన్‌లైన్‌లో దొరుకుతోంది.

అయితే నగరంలో బొమ్మలు చూసేవాళ్లు, కొనేవాళ్లు లేకపోలేదు. 2009లో ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు భవనంలో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల తెరిచారు. 2023లో కస్తూర్బా రోడ్డులో కళా, ఛాయాచిత్ర మ్యూజియం ‘మ్యాప్’ మొదలైంది. ఏటా జనవరిలో చిత్రకళా పరిషత్తు జరిపే చిత్రసంతెలో బొమ్మలు రోడ్డు మీదే అమ్ముడవుతాయి. అలా కొన్న బొమ్మ చివరికి ఏదో ఒక గోడకెక్కాల్సిందే. ఫ్రేమును కొరియర్‌లో పంపొచ్చు. తగిలించే చేతిని పంపలేరు కదా!

బరువు తెలిసినవాడే..

పటం ఎంత బరువో కట్టినవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. గ్లాసు మందం ఒక్కో మిల్లీమీటరుకు చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు పటానికి 4 మిల్లీమీటర్ల గ్లాసు వేస్తే ఆ అద్దమే 11 కిలోలు. దాని మీద బీడింగ్, వెనక బోర్డు అదనం. అదే మందంలో అక్రిలిక్ షీటు వేస్తే అద్దం బరువు సగానికి తగ్గుతుంది. అంటే తగిలించే పని గోడ దగ్గర కాదు, ఫ్రేము కట్టే బల్ల మీదే మొదలవుతుందన్నమాట.

వెనక తీగను ఎంత బిగించి కడితే అంత గట్టిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తిరకాసు. 20 కిలోల పటాన్ని ఒకే కొక్కేనికి వేలాడదీసినప్పుడు తీగ వాలు 30 డిగ్రీలుంటే ఒక్కో వైపు 20 కిలోల లాగుడు పడుతుంది. బిగించి 15 డిగ్రీలకు తెస్తే అది 38 కిలోలు దాటుతుంది. ముందు ఊడేది ఫ్రేముకు దిగ్గొట్టిన స్క్రూనే. అందుకే బరువైన పటాలకు రెండు పక్కలా డీ రింగులు బిగించి, గోడకు రెండు కొక్కేలు వేయడం మేలు. పటం పక్కకు వంగదు కూడా.

తంజావూరు పటాలతో ఇంకా జాగ్రత్త. కొయ్య పలక, సుద్ద పూత, బంగారు రేకు, రాళ్లు.. అన్నీ కలిసి బరువెక్కి ఉంటాయి. పై బీడింగ్ పట్టుకుని ఎత్తకూడదు. కింద ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి వేసి ఇద్దరు మొయ్యాలి. నేరుగా ఎండ పడే గోడ, వానకు చెమ్మెక్కే గోడ వద్దని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. కింది మూలల వెనక చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గాలి ఆడుతుంది.

గోడ గుణం చూడాలి

పాత ఇంటి ఇటుక గోడకు ప్లగ్గు, స్క్రూ చాలు. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకులు వాడుతున్నారు. వాటిని హ్యామర్ పెట్టి తొలిస్తే రంధ్రం పెద్దదై ప్లగ్గు వదులవుతుంది. మామూలు డ్రిల్లింగే చేయాలి. వాటికి తగ్గ ప్లగ్గులు విడిగా దొరుకుతాయి. ఆఫీసుల్లోని జిప్సం గోడ లోపల బోలు. లోపలి ఇనుప చట్రం ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా కరెంటు తీగలుంటాయి కాబట్టి అక్కడ డ్రిల్లు పెట్టకూడదు.

ఎత్తు విషయంలోనూ లెక్కుంది. పటం మధ్య భాగం నేల నుంచి సుమారు 57 అంగుళాల్లో ఉంటే నిలబడ్డ మనిషి చూపుకు సరిపోతుంది. పటం కొలతకు పాత పేపరు కత్తిరించి ముందు గోడకు అంటించి చూపిస్తే ‘కొంచెం పైకి, కొంచెం పక్కకి’ అన్న గొడవ రంధ్రం వేయకముందే తీరిపోతుంది.

లెక్క తప్పితే నోటీసు

2025 జులైలో యూపీఐ జమల ఆధారంగా పన్నుల శాఖ నోటీసులిచ్చినప్పుడు బెంగళూరు చిన్న వ్యాపారులు ఎంత కంగారు పడ్డారో తెలిసిందే. పటాల దుకాణానికి ఇక్కడే ఒక మెలిక ఉంది. కర్ణాటకలో, ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి రూ.40 లక్షలు. సేవ కూడా కలిస్తే రూ.20 లక్షలు. తగిలింపు పనికి బిల్లు రాయడం మొదలుపెట్టే ముందే ఆడిటరును అడగాలి. గిరాకీ తెచ్చిన బొమ్మకు ఫ్రేము కట్టివ్వడం సరుకా, సేవా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి సేవలు టర్నోవరులో 10 శాతం లేదా రూ.5 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకే.

ఇక ధర. ఇద్దరు మనుషుల పూట కూలి, రానుపోను ఖర్చు, ప్లగ్గులు, కొక్కేలు.. ఇవన్నీ కలిపి ‘ఒక రాక’ కింద కొంత, పటానికి ఇంత అని విడగొట్టి రాయాలి. ఫ్రేము ధరలో కలిపేస్తే గిరాకీ కంటికి అది మళ్లీ ఊరికే వచ్చిన పనే. పనికి ముందు, తర్వాత ఫోన్‌లో ఫొటో తీసి, ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలి. గోడ లోపల ఏముందో తెలియని చోట, దారిలో పటం దెబ్బతిన్నప్పుడు బాధ్యత ఎవరిదో అందులో ఉండాలి. అపార్ట్‌మెంట్లలో డ్రిల్లింగ్‌కు ఏ వేళల్లో ఒప్పుకుంటారో కనుక్కుని బయల్దేరాలి.

‘ఇది మావల్ల కాదు’ అనడమూ సేవలో భాగమే. రెండంతస్తుల ఎత్తు హాళ్లు, బయటి గోడలు, ఇద్దరు మోయలేని విగ్రహాలు మొదట్లోనే నెత్తికెత్తుకోవద్దు. ముందు ఇంటి పటాలు, ఆ తర్వాత చిన్న ఆఫీసులు, హోటళ్లు. హిందూపురంలోనైనా కుప్పంలోనైనా దారి ఇదే. మొదటి పని కూడా దూరం పోనక్కర్లేదు. దుకాణంలో ఇన్నాళ్లుగా ఒంటి మేకుకు వేలాడుతున్న దేవుడి పటాన్ని దించి, రెండు కొక్కేల మీద నిలబెడితే గడపలోకొచ్చిన గిరాకీకి అదే బోర్డు.